కాళ్లు పడిపోయిన కోడికీ వైద్యం కావాలి

హైదరాబాద్ పాతబస్తీలో పెరట్లోనో డాబా మీదో నాలుగు కోళ్లు పెంచుకునే ఇళ్లున్నాయి. పెట్ట లేవలేకపోతే చాలాచోట్ల మొదట వినిపించే మాట ‘కోసేద్దాం’. జబ్బేమిటో తెలియకుండా కోసి తినడం ప్రమాదం.

ముందు కాళ్లు చూడాలి. అరికాలిలో వాపు, నల్లటి పెచ్చు ఉంటే పుండు. కోడిపిల్ల వేళ్లు లోపలికి ముడుచుకుంటే బి2 విటమిన్ లోపం కావచ్చు; ఆ విటమిన్ తొందరగా ఇస్తే కోలుకుంటుంది. ఒక కాలు ముందుకు, మరొకటి వెనక్కు చాపి పడిపోతే మేరెక్స్ వ్యాధిని అనుమానించాలి. దానికి మందు లేదు, పుట్టిన రోజే వేసే టీకాయే రక్ష. మెడ వంకరపోయి, ఆకుపచ్చగా పారుకుంటే కొక్కెర తెగులు కావచ్చు.

జబ్బు కోడిని వేరుచేసి, పొడి ఊక పరిచి, నీళ్లూ మేతా ముక్కుకు అందేలా పెట్టాలి. రెట్ట అంటిన ఈకలు రోజూ తుడవాలి, ఒకే పక్కన పడి ఉండనీయకూడదు. ఒకేసారి చాలా కోళ్లు చస్తే అది బర్డ్ ఫ్లూ కావచ్చు; ముట్టుకోకుండా పశువైద్యులకు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది.

వనరాజా, గ్రామప్రియ కోళ్లను రూపొందించిన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ ఇదే నగరంలో, రాజేంద్రనగర్‌లో ఉంది. అయినా నాలుగు కోళ్ల ఇంటికి టీకా అందడం కష్టమే. కొక్కెర తెగులు టీకా సీసాలు సాధారణంగా వంద డోసులు, అంతకు మించి వస్తాయి. కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి.

అందుకే పాతబస్తీలో కోళ్లు అమ్మే ముర్గీ చౌక్‌లోనే పశుసంవర్ధక శాఖ నెలకోసారి టీకా శిబిరం పెట్టాలి. ఒక సీసాతో పాతిక ఇళ్ల కోళ్లకు టీకా వేయొచ్చు.