‘హైడ్’ చేసిన ఆ ఒక్క కాంటాక్ట్ ఎవరు?

దత్తత అనగానే మనకి సినిమాలో అనాథాశ్రమం గేటు, ఉయ్యాల, వాన గుర్తొస్తాయి. కానీ మన ఇళ్లలో ఇంకో దత్తత ఎప్పట్నుంచో ఉంది. అక్కకి పిల్లల్లేరని చెల్లెలు తన రెండో బిడ్డని ఇవ్వడం, అన్న కొడుకుని తమ్ముడు తెచ్చుకోవడం. కన్నవాళ్లూ పెంచినవాళ్లూ ఒకే పెళ్లికి వస్తారు, ఒకే బంతిలో కూర్చుంటారు. ఇప్పుడు ఒకే వాట్సాప్ గ్రూపులో కూడా ఉంటున్నారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచే బిడ్డ పూర్తిగా పెంచినవాళ్ల బిడ్డ. కన్నింటితో చట్టపరమైన బంధాలు తెగిపోతాయి. పెళ్లి విషయంలో వరస నిషేధాలు మాత్రం పాతవే ఉంటాయి. కాగితం మీద అంత క్లియర్. ఫోన్‌లో మాత్రం ఏదీ తెగదు.

మా టీమ్‌లో ఒకమ్మాయి ఉంది. (పేరు, ఊరు రాయొద్దంది. రాసింది తనకి చూపించాకే పంపాను.) ఇంటర్‌లో ఉండగా తన పుట్టినరోజునాడు వాళ్ల పిన్ని ఒక స్టేటస్ పెట్టింది. ఆస్పత్రి మంచం, పిన్ని ఒళ్లో పసిపాప, కింద ‘ఎక్కడ పెరిగినా నా పేగు తెంచుకుని పుట్టిన తల్లివే’ అని. అదే ఫోటో ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చింది. అత్తలు, మామయ్యలు వరసగా హార్ట్ ఎమోజీలు. ‘మా అమ్మ మా అమ్మ కాదని తెలిసినందుకు కాదు, గ్రూపులో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు చూడు, దానికి ఏడుపొచ్చింది’ అంది తను. అంటే పదహారేళ్లుగా అందరికీ తెలుసు. తెలియాల్సిన మనిషికి తప్ప.

ఆ పిన్నిని విలన్ చేయడం తేలిక. నాకైతే మనసు రాదు. బిడ్డనిచ్చి, ఆ బిడ్డ చేత ‘పిన్నీ’ అని పిలిపించుకుంటూ, పుట్టినరోజునాడు కేకు ముక్క తిని ఇంటికెళ్లిపోయే మనిషి. ఆ ఫోటో ఆమెది, ఆ జ్ఞాపకం కూడా ఆమెదే. అందులో ఉన్న కథ మాత్రం ఆమె ఒక్కదానిదే కాదు. దాన్ని ముందు ఎవరు వినాలన్నది ఆ అమ్మాయి హక్కు.

‘అంతేగా, సెటింగ్స్‌లోకెళ్లి మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్ పెట్టి ఆ పిల్లని తీసేస్తే సరి’ అంటారు మనలాంటి టెక్ జనం. ఒక్క నిమిషం ఆలోచించండి. ఊరందరికీ చూపించి, ఆ పిల్ల ఒక్కదానికే దాచడం ప్రైవసీ ఎలా అవుతుంది? అది మన పెద్దవాళ్లు ఇన్నేళ్లూ చేస్తున్న పనే, యాప్ వెర్షన్.

పైగా దాచినా దాగదు. ఇది ఇంజనీరుగా చెబుతున్నా. ఫేస్‌బుక్‌లో ‘పీపుల్ యూ మే నో’ మనం అప్‌లోడ్ చేసిన కాంటాక్ట్స్, ఉమ్మడి స్నేహితుల్ని బట్టి మనుషుల్ని ముందుకు తెస్తుంది. గూగుల్ ఫోటోస్ మొహాల్ని గుంపులు కడుతుంది, గట్టి పోలికలుంటే ఒక్కోసారి రక్తసంబంధీకులని ఒకే మనిషి అనుకుంటుంది. పెద్దవాళ్లు నోరు మూసుకున్నా అల్గారిథమ్ మూసుకోదు. అందుకే గుర్తు కూడా లేనంత చిన్నతనంలోనే, పెంచిన అమ్మానాన్నల నోటితోనే పిల్లకి చెప్పేయాలి. అప్పుడు ఎవరు ఏం పోస్ట్ చేసినా బాంబు పేలదు.

కారా ద్వారా జరిగే దత్తతలో లెక్క వేరు. అక్కడ కన్నవాళ్ల వివరాలు గోప్యం. బిడ్డని అప్పగించిన తల్లిదండ్రులకి మనసు మార్చుకోడానికి రెండు నెలల గడువుంటుంది. ఆ తర్వాతే బిడ్డని దత్తతకి అర్హులుగా ప్రకటిస్తారు. పద్దెనిమిదేళ్లు నిండాక బిడ్డ తన మూలాలు వెతుక్కోవచ్చు, దాన్ని ‘రూట్ సెర్చ్’ అంటారు. అంతకంటే చిన్నవాళ్లయితే పెంచినవాళ్లతో కలిసి అడగాలి. మూడో మనిషి అడగడానికి వీల్లేదు. అప్పగించిన తల్లి ‘నా వివరాలు చెప్పొద్దు’ అంటే ఆ మాటకీ విలువుంటుంది.

ఇంత జాగ్రత్తగా కట్టిన గోడని పెంచినవాళ్లే ఒక్క రీల్‌తో పడగొట్టేస్తారు. ‘మా బంగారం ఇంటికొచ్చిన రోజు’ అని సంస్థ బోర్డు ముందు ఫోటో, తేదీ, కొన్నిసార్లు దత్తత ఆర్డర్ కాగితం కూడా. ప్రేమతోనే పెడతారు, కాదనను. కానీ రేపు ఆ పిల్ల క్లాస్‌మేట్ పేరు కొడితే అదే మొదట వస్తుంది. ఇంకొందరు ‘పాపం, వాళ్లమ్మకి స్తోమత లేక’ అని కామెంట్లలో కన్నతల్లి కథ విప్పుతారు. ఆమె వేరే ఊళ్లో, వేరే సంసారంలో ఉండొచ్చు. అక్కడ ఈ సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు.

దత్తత పిల్లలు పెద్దయ్యాక చేసే పని కూడా ఒకటుంది. చిన్నప్పటి ఫోటో పెట్టి ‘నన్ను కన్నవాళ్లు ఎవరో తెలిస్తే షేర్ చేయండి’ అనడం. ఆ ఆరాటాన్ని తప్పనలేం. కానీ అది వైరల్ అయితే తలుపు తట్టేది నువ్వు కాదు, పదివేలమంది. ముందు రూట్ సెర్చ్ దారిలో వెళ్లు.

మరి చట్టం ఏం చేస్తోంది అంటారా? 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాల కోసం మనుషులు వాడుకునే డేటాకి వర్తించదు. అంటే మీ ‘అల్లూరి వారి సంబరాలు’ గ్రూపులో గొడవని ఏ బోర్డూ పట్టించుకోదు. అక్కడ మనమే చూసుకోవాలి. ఫోటో పెట్టే ముందు పెంచిన అమ్మానాన్నలని అడగండి. పిల్లకి ఊహ తెలిస్తే పిల్లనే అడగండి. కన్నవాళ్లకి పాత ఫోటోలు పంపాలనిపిస్తే గ్రూపులో కాకుండా నేరుగా పంపండి, వాళ్లకీ ఆ మర్యాద దక్కాలి.

ఇక ఎవరో బాబాయి ‘అచ్చం కన్నతల్లి పోలికే’ అని గ్రూపులో కొట్టేశాడనుకోండి. కింద వాదన పెట్టకండి, అది మెసేజ్‌ని ఇంకో పదిమందికి చూపిస్తుంది. ఫోన్ చేసి తీసేయమనండి. ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’కి రెండు రోజులకి పైనే టైమ్ ఉంటుంది. బాబాయి ఫోన్ ఎత్తకపోతే అడ్మిన్‌ని పట్టుకోండి, గ్రూపులో ఎవరి మెసేజ్‌నైనా ఆయన తీసేయొచ్చు.