ఈ సెలవుల్లో పిల్లల చేతికి ఉప్పు, దూది, రంగులు ఇవ్వండి

ఇంట్లో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న అమ్మానాన్నలకు, వేసవికి మనవల్ని దగ్గర పెట్టుకునే అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు, అంగన్‌వాడీ టీచర్లకు, కాలనీ సంఘాల పెద్దలకు నాదొక విన్నపం. ఏప్రిల్ చివర్లో మూసిన బడులు జూన్ రెండో వారానికి గానీ తెరవరు. ఈ సెలవుల్లో నాలుగైదు పూటలు దేశం పేరు మీద పక్కన పెట్టండి. ఉపన్యాసాల పోటీలు పెట్టమని కాదు నేను అడుగుతున్నది. బట్టీ పట్టించిన ప్రసంగాన్ని మైకు ముందు అప్పజెప్పే ఐదేళ్ల పిల్లకు అందులో ఒక్క మాటా తనది కాదు. ఆ వయసులో ఏదైనా ఒంటబట్టేది చేతులతో చేసినప్పుడే. మన స్వాతంత్ర్యోద్యమం కూడా చాలావరకు చేతులతోనే నడిచింది. ఉప్పు వండారు, నూలు వడికారు, జెండాలు కుట్టారు. ఆ పనులన్నీ చిన్నపిల్లలకు అందేవే, ఖర్చు కూడా పెద్దగా లేనివే.

ముందు ఉప్పు సంగతి. మే నెల ఎండను మనం తిట్టుకుంటాం గానీ, ఈ పనికి కావలసింది ఆ ఎండే. గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల రాళ్ల ఉప్పు వేసి పిల్లల చేతే కలిపించండి. ఉప్పంతా కరిగిపోయాక ఒక్క చుక్క నాలుక మీద వేసుకోమనండి. ‘ఉప్పు ఎక్కడికి పోయింది?’ అని అడగండి, జవాబు మాత్రం మీరు చెప్పకండి. ఆ నీళ్లను వెడల్పాటి పళ్లెంలో వేలి మందం కూడా లేకుండా పల్చగా పోసి, మీద పల్చటి గుడ్డ కప్పి డాబా మీద పెట్టండి. గాజు పళ్లెమో పింగాణీ పళ్లెమో అయితే మంచిది, స్టీలుకు ఉప్పు మచ్చలు పడతాయి. సాయంత్రానికి అంచుల వెంట తెల్లటి గీత కడుతుంది. ఎండ గట్టిగా కాస్తే మర్నాటికి అడుగున గింజలు మెరుస్తుంటాయి, మబ్బు పడితే ఇంకో రోజు ఆగాలి. భూతద్దం ఉంటే చూపించండి. ఒక్కో గింజ నలుచదరంగా, మూలలు తీర్చినట్టు ఉంటుంది. ఆ గింజను పిల్లలే వేలితో తీసి నోట్లో వేసుకోనివ్వండి.

కథ అప్పుడు చెప్పండి, ముందు కాదు. అరవై ఏళ్ల తాత ఒకాయన, వెంట 78 మందితో 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుంచి నడక మొదలుపెట్టాడు. సుమారు 240 మైళ్లు నడిచి ఏప్రిల్ 6న దండి సముద్రపొడ్డున చేత్తో ఉప్పు తీశాడు. అలా తీయడం అప్పటి సర్కారు లెక్కలో నేరం. నువ్వు మన డాబా మీద చేసిన ఈ ఉప్పును ఎవరో వచ్చి లాక్కుని, దీనికి పన్ను కట్టమంటే ఎలా ఉంటుంది అని అడిగి చూడండి. అన్యాయమంటే ఏమిటో ఆరేళ్ల పిల్లవాడికి వేరే విడమర్చి చెప్పాల్సిన పని ఉండదు. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు అదే ఏడాది మే 21న, ఇలాంటి ఎండల్లోనే, గుజరాత్‌లోని ధరాసన ఉప్పు కొఠారు మీదికి సత్యాగ్రహుల్ని నడిపించారన్నది కూడా చెప్పండి. దెబ్బలు తింటూ కూడా వాళ్లు తిరిగి చెయ్యెత్తలేదు. నౌపడా, చినగంజాం ప్రాంతాలవాళ్లయితే ఓ ఉదయం చల్లపూట పిల్లల్ని ఉప్పు మడుల దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడించండి. ఆ పాదాలు, ఆ అరచేతులు పిల్లలు చూడాలి.

దూదికి వేరే గురువును వెతకక్కర్లేదు. దీపానికి ఒత్తులు చేసే అమ్మమ్మ వేళ్లకు ఆ విద్య తెలుసు. గింజ తీసిన పత్తిని కొంచెం చేతిలోకి తీసుకుని, పోగులు ఒకే వైపుకు వచ్చేలా మెల్లగా సాగదీసి, బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒకే దిక్కుగా మెలి తిప్పుతూ లాగాలి. మొదట తెగుతూనే ఉంటుంది. జానెడు దారం వచ్చిందంటే ఆ పిల్ల ఇల్లంతా తిరిగి చూపిస్తుంది. ఈ రోజుల్లోనే బూరుగు కాయలు పగిలి దూది గాలికి ఎగురుతుంటుంది, పిల్లలు దాన్నీ తెచ్చి వడకబోతారు. వడకనివ్వండి. ఆ పోగు నున్నగా జారిపోతుంది, మెలి నిలవదు, పత్తికీ బూరుగుకూ తేడా వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు కోసం వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేస్తారని చెబితే నమ్మరు. వీలైతే ఫొటో చూపించండి.

ఇక జెండా. దాన్ని సరిగ్గా చేయించమని ప్రత్యేకంగా అడుగుతున్నాను. తెల్ల కాగితం 18 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు కత్తిరిస్తే మూడుకు రెండు నిష్పత్తి దానంతటదే వస్తుంది. నాలుగేసి సెంటీమీటర్ల పట్టీలు మూడు గీయండి. పైన కాషాయం, మధ్య తెలుపు, కింద ఆకుపచ్చ. మంచినీళ్ల సీసా మూత పెట్టి పెన్సిల్ తిప్పితే తెల్ల పట్టీలో ఇమిడే చక్రం వస్తుంది. ఆకుల లెక్క పెద్ద పిల్లలకు వదిలేయండి. ముందు నిలువు గీత, అడ్డగీత వేస్తే నాలుగు. ఐమూలగా ఇంకో రెండు గీతలు వేస్తే ఎనిమిది. మిగిలిన ఒక్కో సందులో రెండేసి వేస్తే ఇరవై నాలుగు. ముదురు నీలం రంగుతో దిద్దాలి. చాలామంది పిల్లలు జెండా మీద తమ పేరు రాసుకుంటామంటారు. జెండా మీద అక్షరాలు రాయకూడదన్నది నియమం, కాబట్టి పేరు పుల్ల మీద రాసుకోమనండి. పుల్లగా చీపురుపుల్ల వద్దు, కళ్లకు ప్రమాదం. తిన్నాక కడిగి ఆరబెట్టిన ఐస్‌ఫ్రూట్ పుల్ల చాలు. అతికించడానికి మైదా పిండి ఉడికించిన జిగురు సరిపోతుంది.

రంగుల ఆట ఇంకోపూట వేరుగా పెట్టుకోండి. పసుపు నీళ్లలో వంటసోడా చిటికెడు వేస్తే పిల్లల కళ్ల ముందే కాషాయానికి తిరుగుతుంది. పాలకూర నూరి వడకడితే ఆకుపచ్చ. శంఖుపూలు వేడినీళ్లలో నానబెడితే నీలం, ఆ నీళ్లు మాత్రం పెద్దవాళ్లే పోయాలి. సోడా కలిసిన కుంచెను నీలంలో ముంచితే అది పచ్చబారుతుంది, అదీ ఒక ఆటే. ఈ రంగులు నిలవవు. పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది, ఆకు పసరు కొన్నాళ్లకు గోధుమవన్నెకు తిరుగుతుంది. అందుకని దాచుకునే జెండాకు మామూలు వాటర్ కలర్స్ వాడండి.

రంగులు ఆరేలోపు ఆ జెండా కథ చెప్పండి. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య పత్తి వంగడాల మీద పరిశోధన చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్నారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు ఆయన జెండా నమూనాను గాంధీజీకి ఇచ్చారు. అప్పుడు మధ్యలో ఉన్నది రాట్నం. అశోక చక్రంతో ఇప్పుడున్న రూపాన్ని రాజ్యాంగ సభ 1947 జూలై 22న ఆమోదించింది. తమ జానెడు దారం, ఆ రాట్నం, ఈ జెండా ఒకే కథలోవని పిల్లలకు అప్పుడు తెలిసివస్తుంది.

తినడానికి పొయ్యి అక్కర్లేని పళ్లెం ఒకటి చేయవచ్చు. కర్బూజ ముక్కలు, తాటి ముంజలు, కీర దోస ముక్కలు వరసగా పేర్చమనండి. ఐదేళ్ల లోపు పిల్లలకు ముంజలు చిన్న ముక్కలుగా కోయండి. ద్రాక్ష పెడితే నిలువునా నాలుగు చీలికలు చేయండి, గుండ్రటివి గొంతుకు అడ్డం పడతాయి. ఇడ్లీ పిండిని మూడు గిన్నెల్లో తీసి, ఒకదానిలో క్యారెట్ తురుము, ఇంకోదానిలో నూరిన పాలకూర, కొత్తిమీర కలిపితే మూడు రంగుల ఇడ్లీలు. సీసాల్లో అమ్మే రంగులు వద్దు. నాదొక అభిప్రాయం, పాటించేదీ లేనిదీ మీ ఇష్టం. మూడు రంగులు వరసగా ఉంటే చాలు, తిండి మీద అశోక చక్రం వేసి అచ్చం జెండాలా చేయకండి. గౌరవంగా పట్టుకోవాలని పొద్దున చెప్పినదాన్నే మధ్యాహ్నం కొరికి తినమంటే చిన్నపిల్లలు తికమకపడతారు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని ఎండలోకి పంపకండి. ఆ వేళలో మంచానికీ కుర్చీలకూ చీరలు కట్టి ఇంట్లోనే పాకలు వేసుకోనివ్వండి. మునిసిపాలిటీ పన్ను కట్టబోమని చీరాల, పేరాల జనం 1921లో ఇళ్లు వదిలి, ఊరి బయట పాకల్లో నెలల తరబడి ఉన్నారు. వాళ్లను నడిపినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పాకలో కూర్చున్న పిల్లలకు ఆ కథ బాగా నచ్చుతుంది. ఇంకో మాట కూడా ఖచ్చితంగా చెప్పదలిచాను. నాటకం పేరుతో, ఫ్యాన్సీ డ్రెస్ పేరుతో ఉరి సన్నివేశాలు ఆడించకండి. ఆటకైనా పిల్లల మెడకు తాడు తగలకూడదు.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది చలివేంద్రం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో వీధి మలుపులోనో నీడపట్టున ఒక మట్టికుండ, పక్కన మజ్జిగ గిన్నె పెట్టండి. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా, ఒక పెద్ద మనిషి తోడుండగా, పిల్లలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అందివ్వాలి. వీధులు ఊడ్చే అమ్మకు, డెలివరీ అన్నకు, ఆటో తాతకు, అపార్ట్‌మెంట్ అధ్యక్షుడికి అందరికీ ఒకే కుండ, ఒకే రకం గ్లాసు. ‘అన్నా’, ‘అక్కా’, ‘తాతా’ అని పిలిచి ఇవ్వడం నేర్పండి. కుండ రోజూ కడగాలి, నీళ్లు కాచి చల్లార్చినవో వడపోసినవో అయి ఉండాలి. దేశమంటే ఎవరో చిన్నపిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

అమెరికాలో ఉన్న తెలుగువారికి సెలవులు జూన్‌లో మొదలై ఆగస్టు దాకా సాగుతాయి. ఇక్కడి నుంచి వెళ్లిన తాతయ్యలు, నానమ్మలు ఆ ఇళ్లలోనే ఉంటారు. పత్తి, ఉప్పు, కథలు మీ దగ్గరున్నాయి, పని మొదలుపెట్టండి.

పిల్లలు చేసిన జెండాను పుస్తకం మధ్య నలగకుండా దాచి ఆగస్టు 15న వాళ్ల చేతికివ్వండి. ప్లాస్టిక్ జెండాలను జెండా నియమావళి ఒప్పదు, పైగా 2022 జూలై 1 నుంచి వాటి తయారీ, అమ్మకం కూడా నిషేధం. అయినా సిగ్నళ్ల దగ్గర కనిపిస్తూనే ఉంటాయి, కొనకండి. కాగితం జెండాలను కూడా పండగయ్యాక నేల మీద పారేయకూడదు. కాలనీ సంఘాల పెద్దలు జెండా వందనం జరిగే చోట ఒక పెట్టె పెట్టించండి, ఎవరి జెండా వాళ్లు తెచ్చి అందులో వేస్తారు. ఆ పెట్టె దగ్గర నిలబడే బాధ్యత ఈ వేసవిలో జెండాలు చేసిన పిల్లలకే అప్పగించండి.