గడువు మీరుట గౌరవమా?

తెల్లవారక మునుపే బి.కొత్తకోటలో బస్సునకై నిలిచియుండు జనములో, చంకనొక బిడ్డయు చేతిసంచిలో కాగితములును గల స్త్రీ యొకతె కానవచ్చును. ఆమె మనోవర్తి దావా వాయిదాకు పోవుచున్నది. నాడు టమోటా కోతకు పోయియుండిన కూలి దక్కియుండెడిది. కోర్టులో పేరు పిలుతురు. ఎదుటి పక్షపు ప్లీడరు లేచి జవాబు దాఖలు చేయుటకు గడువు కావలెననును. మరియొక తేది పడును. ఆమె మరల బస్సెక్కును. ఆమెకు కూలియు చార్జీయు పోయినవి. గడువడిగిన వానికి పోయినదేమి?

వాడెవడో మూర్ఖుడని తలపకుడు. పట్టా పుచ్చుకొన్నవాడు, నెలజీతము గలవాడు, మన పెండ్లి పందిళ్లలో ముందు కుర్చీలో కూర్చుండువాడు. "నాలుగు వాయిదాలు త్రిప్పిన తానే రాజీకి వచ్చును" అని పెద్దలు తాంబూలము నములుచు పలుకుచుందురు. దొంగతనమునకు సిగ్గుపడు కుటుంబములు దీనికి సిగ్గుపడవేమి?

చట్టము గడువు చెప్పకపోలేదు. సివిలు దావాలో సమను అందిన 30 దినములలో జవాబీయవలెను. కారణములు వ్రాసి న్యాయాధిపతి 90 దినముల వరకు పొడిగింపవచ్చును. మిక్కిలి యరుదైన సందర్భములలో అంతకు మించియు అంగీకరింపవచ్చునని సుప్రీముకోర్టు 2005లో చెప్పినది. అది ఆపదలో దూకుటకు విడిచిన కిటికీ. మనవారు దానిని వీధివాకిలి చేసికొన్నారు.

మనోవర్తి విషయమున నియమములు ఇంకను స్పష్టములు. రజనీశ్–నేహా దావాలో 2020లో సుప్రీముకోర్టు, ప్రతివాది తన ఆదాయవ్యయముల అఫిడవిట్టుతో నాలుగు వారములలో జవాబీయవలెననియు, రెండు అవకాశములకు మించి యీయరాదనియు, బుద్ధిపూర్వకముగా మొండికెత్తి జాగుచేసినచో వాని ప్రతివాదమునే కొట్టివేయవచ్చుననియు తెలిపినది. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదినుండియే చెల్లునని కూడ అందే కలదు. కావున జాగువలన భారము తగ్గదు, బకాయి పెరుగును. ఈ లెక్క మన పట్టభద్రులకు తెలియదు కాబోలు! 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, మధ్యంతర మనోవర్తిని నోటీసు అందిన 60 దినములలో సాధ్యమైనంతవరకు తేల్చుమనుచున్నది.

అయిన గడువే పాపమని నేననను. సమను చేతికందని వలసకూలి యున్నాడు. అందినను చదివించుకొనుటకు దిక్కులేనివాడున్నాడు. అట్టివానిపై ఏకపక్ష డిక్రీ పడినచో దానిని రద్దుచేయింప దరఖాస్తు పెట్టుకొనుటకు 30 దినములు చట్టమే యిచ్చినది. మహమ్మారి కాలమున 2020 మార్చి 15 నుండి 2022 ఫిబ్రవరి 28 వరకు సుప్రీముకోర్టు దేశమంతటికిని గడువులెక్కలో మినహాయింపు నిచ్చినది. ఎవ్వరు తప్పుపట్టిరి? నిజముగా గడువు కావలసినవాని మాట నమ్మకుండునట్లు చేయుచున్నది ఈ జీతగాండ్ర అబద్ధపు జ్వరములే.

ప్లీడర్లను దూషించి చేతులు కడుగుకొనుట సులభము. ఆ వాయిదాకు ఫీజు పంపినది మన యింటి పెట్టెనుండి కాదా? సోదరీమణులారా, మీ కుమారుడో తమ్ముడో "ఇంకొక నెల గడువు తీసికొంటిమి" అని అన్నమునకు కూర్చుండినప్పుడు, జీతపుచీటి తెచ్చి అఫిడవిట్టు వ్రాయుటకు ఎన్ని దినములు పట్టునని అడుగుడు. ఒక పూట చాలును. మిగిలిన దినములలో ఆ బిడ్డ కెవరు పాలు పోసిరో కూడ, విస్తరి తీయకముందే, అడుగుడు.