పౌడరు మాకొద్దు

చెవిటికల్లు వాడ పిల్లలం కొందరం కెమెరా నేర్చుకుంటున్నాం. మొదటి పాఠం పౌడరు డబ్బా! నల్లోళ్ళు ఫొటోలో తేలరంట, కాస్త పూసుకోవాలంట.

శుద్ధ అబద్ధం. కెమెరాలో మీటరు దేన్ని చూసినా బూడిదరంగు కిందే లెక్కేసుద్ది. తెల్లగోడ ముందు నల్లమనిషి నిలబడితే, గోడని చూసి వెలుతురు తగ్గించుద్ది. ముఖం మసైపోద్ది. ఒకటిన్నర స్టాపు వెలుతురు ఎక్కువిస్తే కళ్ళు, చెంపలు, చెమటతో సహా వస్తాయి. తప్పు లెక్కది, మన తోలుది కాదు. కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోడానికి ఏళ్ళ తరబడి వాడిన 'షర్లీ' కార్డు మీద ఉన్నదీ తెల్లపిల్లే. చాక్లెట్ల వాళ్ళూ, చెక్క సామాను వాళ్ళూ తమ సరుకు సరిగా పడ్డంలేదని గోలచేశాకగానీ ఫిల్ముకి నల్లరంగు కనపడలేదట!

మనల్ని అసలు తియ్యలేదని కాదు. థర్‌స్టన్ దొర ముక్కులు కొలిచి, ఫొటోలు తీసి 1909లో ఏడు సంపుటాలేశాడు. మనం కొలతలకి పనికొచ్చాం. కారంచేడు (1985), చుండూరు (1991) అంటే కళ్ళముందు కదిలేవి శవాలే. మన పక్కనే కంచికచర్లలో 1968లో కోటేశును సజీవంగా తగలబెట్టారు. నవ్వుతూ ఉన్న కోటేశు ముఖం మనలో ఎందరికి తెలుసు?

వాడలో ముసలోళ్ళు పోకముందే ఒక్కొక్కర్నీ తియ్యాలి. ఇప్పుడు రీలు ఖర్చు లేదు, సెల్‌ఫోను చాలు. అందులో ముఖం తెల్లగా చేసే 'బ్యూటీ' మీట మాత్రం ఆపెయ్యండి.