'సినిమాలు కూడా చూడొచ్చు నాన్నా' అని చెప్పి కన్సోల్ కొనేవాళ్ళకి

పండగ సేల్ దగ్గరపడుతోందంటే చాలు, నాకు ఒకటే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "బ్రో, పీఎస్5 డిస్క్ వెర్షన్ తీసుకోనా, డిజిటల్ తీసుకోనా?" దాని వెనకాలే ఇంకోటి వస్తుంది. "గేమ్స్ కోసమే అంటే ఇంట్లో ఒప్పుకోరు. సినిమాలు, ఓటీటీ, పాటలు అన్నీ ఇందులోనే అని చెప్తున్నా. కరెక్టే కదా?"

కరెక్టే, కానీ సగమే. ఓటీటీ కోసం అయితే కన్సోల్‌కి నేను వేసే మార్కులు సున్నా. డిస్క్ డ్రైవ్‌కి మాత్రం ఎక్కువ డబ్బులు పెట్టొచ్చు అంటాను. 2024 ఏప్రిల్‌లో పీఎస్5 స్లిమ్ మన దేశంలోకి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 54,990 రూపాయలు, డిజిటల్ 44,990 రూపాయలు. అంటే ఆ డ్రైవ్ విలువ పదివేలు. ఈఎంఐలో కొనేవాళ్ళకి పదివేలంటే చిన్న మాట కాదు కాబట్టి, ఎందుకు పెట్టమంటున్నానో కొంచెం వివరంగా చెప్తా. అందుకు కాస్త వెనక్కి వెళ్ళాలి.

కన్సోల్ కంపెనీలు మల్టీమీడియాని మన మీద ప్రేమతో పెట్టలేదు. హాల్లో టీవీ కింద ఉన్న ఆ ఒక్క చోటు తమదవ్వాలని పెట్టాయి. 1994లో జపాన్‌లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్‌లో ఆడియో సీడీ పెడితే పాటలు వచ్చేవి. దాని తొలి మోడల్స్‌లో ఒకదాన్ని ఆడియో పిచ్చి ఉన్నవాళ్ళు గేమ్స్ సంగతి పక్కన పెట్టి, కేవలం సీడీ ప్లేయర్‌గా వెతుక్కుని మరీ కొనుక్కున్నారు. 2000లో పీఎస్2 డీవీడీతో వచ్చింది. అది పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోవడానికి గేమ్స్ ఎంత కారణమో, 'డీవీడీ ప్లేయర్ కూడా వస్తోంది' అన్న మాట కూడా అంతే కారణం అని నా లెక్క. మన దగ్గర మాత్రం ఆ లెక్క కొంచెం తేడా కొట్టింది. అప్పుడు మన ఇళ్ళలో రాజ్యం వీసీడీలది. పీఎస్2 వీసీడీలు ఆడించదు. వీధి చివరి వీడియో షాపు నుంచి అద్దెకు తెచ్చిన సినిమాకి ఆ ఖరీదైన పెట్టె పనికిరాదు, పక్కింటి చవక ప్లేయర్ పనికొస్తుంది!

మిగతా ఇద్దరూ ఏం చేశారో కూడా చూడండి. 2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్‌లో డీవీడీ డ్రైవ్ ఉంది, కానీ సినిమా చూడాలంటే రిమోట్ ఉన్న కిట్ విడిగా కొనుక్కోవాలి. డీవీడీ ప్లేబ్యాక్‌కి కట్టాల్సిన లైసెన్స్ ఖర్చు, కావాల్సినవాళ్ళ నెత్తినే పడేలా చేశారన్నమాట. నింటెండో అయితే వీలో డీవీడీ సైజు డిస్క్ పెట్టి కూడా సినిమా ఆడించలేదు. మేము గేమ్స్ అమ్ముతాం, అంతే అంది. నిజం చెప్పాలంటే ముగ్గురిలో నిజాయితీగా ఉన్నది వాళ్ళే అనిపిస్తుంది నాకు.

అసలు కథ పీఎస్3. 2006 మధ్యలో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన శామ్‌సంగ్ మొదటి బ్లూ-రే ప్లేయర్ ధర 999 డాలర్లు. అదే ఏడాది నవంబర్‌లో పీఎస్3 499, 599 డాలర్లకి వచ్చింది. గేమ్ మెషీన్‌గా చూస్తే మండిపోయే ధర, బ్లూ-రే ప్లేయర్‌గా చూస్తే సగం ధర. సోనీ ఒక్కో యూనిట్ మీద నష్టపోతూ మరీ అమ్మింది. ఎందుకు? అవతల తోషిబా హెచ్‌డీ డీవీడీతో ఫార్మాట్ యుద్ధం నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవ్‌ని విడిగా అమ్మింది. సోనీ బ్లూ-రేని పెట్టెలోనే కలిపేసింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది.

ఆ యుద్ధం నడిచినన్నాళ్ళూ పీఎస్3 కొన్నవాళ్ళకి పండగే. బ్లూ-రే, డీవీడీ, ఆడియో సీడీ అన్నీ ఆడేవి. సీడీలో పాటల్ని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకోవచ్చు. తొలి మోడల్స్ అయితే సూపర్ ఆడియో సీడీలు కూడా ఆడించేవి. ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న సినిమాల్ని డీఎల్‌ఎన్‌ఏ ద్వారా టీవీలో చూడొచ్చు. పెన్ డ్రైవ్ గుచ్చితే ఫోటోలు, వీడియోలు వచ్చేవి. 2010లో అప్‌డేట్‌తో త్రీడీ బ్లూ-రే కూడా వచ్చింది. ఉత్తి సాఫ్ట్‌వేర్‌తో కొత్త ఫార్మాట్ రావడం అంటే మామూలు విషయం కాదు. నా వరకు హాల్లో పెట్టుకోవడానికి తయారైన అత్యుత్తమ మీడియా ప్లేయర్ అదే.

కానీ అదే 2010 ఏప్రిల్‌లో ఇంకో అప్‌డేట్ కూడా వచ్చింది, 3.21. పీఎస్3లో లినక్స్ ఎక్కించుకునే 'అదర్ ఓఎస్' సదుపాయాన్ని అది పీకేసింది. బాక్స్ కొన్నప్పుడు ఉన్న ఫీచర్, డబ్బులు కట్టి తీసుకున్న ఫీచర్, ఒక రోజు లేదు. అప్‌డేట్ చేయకపోతే ఆన్‌లైన్ గేమ్స్ లేవు. అమెరికాలో వాడకందార్లు కోర్టుకెళ్ళారు, చివరికి సెటిల్‌మెంట్ అయింది. లినక్స్ మనలో ఎంతమంది వాడతారు అంటారా? తక్కువ మందే. పాయింట్ అది కాదు. సాఫ్ట్‌వేర్‌తో ఇచ్చింది సాఫ్ట్‌వేర్‌తోనే తీసుకోవచ్చు అని అందరికీ అర్థమైన రోజు అది.

నేను సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఇది లోపలి నుంచి ఎలా ఉంటుందో ఊహించగలను. ఒక ఫీచర్ బతకాలంటే దాన్ని ఎవరో టెస్ట్ చేయాలి, లైసెన్స్ కట్టాలి, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ అది విరగలేదని చూసుకోవాలి. వాడేవాళ్ళు తక్కువ అని డాష్‌బోర్డ్‌లో కనిపించిందా, వచ్చే వెర్షన్ ప్లానింగ్‌లో దాని పేరు కూడా ఎవరూ ఎత్తరు. దుర్మార్గం ఏమీ ఉండదు. మీటింగ్‌లో దాని తరఫున మాట్లాడేవాళ్ళు ఉండరు, అంతే.

పీఎస్4కి జరిగింది సరిగ్గా ఇదే. బ్లూ-రే గెలిచింది, ఇక హాల్లోకి దారి కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. 2013 నవంబర్‌లో వచ్చినప్పుడు అందులో ఆడియో సీడీ లేదు, డీఎల్‌ఎన్‌ఏ లేదు, పెన్ డ్రైవ్ పాటలు కూడా లేవు. జనం గోల చేస్తే పాటలు 2014లో, మీడియా ప్లేయర్ ఆప్ 2015లో వచ్చాయి. సీడీ మాత్రం రాలేదు. ఫిలిప్స్‌తో కలిసి సీడీని కనిపెట్టిన కంపెనీ అండి అది! 2016లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌లో 4కె బ్లూ-రే పెడితే, అదే ఏడాది వచ్చిన పీఎస్4 ప్రోలో సోనీ పెట్టలేదు.

మైక్రోసాఫ్ట్‌ని మెచ్చుకుంటున్నాను అనుకోకండి. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌ని పరిచయం చేస్తూ వాళ్ళు టీవీ, టీవీ అని చెప్పిన తీరు గేమర్లు ఇప్పటికీ మర్చిపోలేదు. సెట్ టాప్ బాక్స్‌ని దానికి తగిలించొచ్చు, నోటితో చానల్ మార్చొచ్చు, దాంతోపాటు కినెక్ట్ తప్పనిసరి, ధర 499 డాలర్లు. పీఎస్4 399కే వచ్చి మార్కెట్ పట్టుకుపోయింది. ఏడాది తిరక్కుండానే కినెక్ట్ లేని మోడల్ తెచ్చారు. కొనేవాడు గేమ్స్ కోసం వస్తాడు, మిగతావన్నీ బోనస్ అని అప్పుడు తేలిపోయింది.

ఇక పీఎస్5. డిస్క్ మోడల్‌లో 4కె బ్లూ-రే ఉంది, డీవీడీ ఉంది. ఆడియో సీడీ లేదు, త్రీడీ బ్లూ-రే లేదు, డాల్బీ విజన్ లేదు. డాల్బీ అట్మోస్ వచ్చింది 2023లో, కన్సోల్ వచ్చిన మూడేళ్ళకి. పీఎస్4లో ఉన్న మీడియా ప్లేయర్ ఆప్ దీనికి రానే లేదు. ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న సినిమాలు చూడాలంటే ప్లెక్స్ లాంటిది పెట్టుకోవాలి. ఈ విషయంలో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నయం, స్టోర్‌లో వీఎల్‌సీ, కోడీ రెండూ దొరుకుతాయి, ఓటీటీ ఆప్స్‌లో డాల్బీ విజన్ ఉంది.

మరి నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, యూట్యూబ్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. మీ టీవీలో కూడా ఉన్నాయి. టీవీ పాతదై నత్తలా నడుస్తుంటే కన్సోల్‌లో ఆప్స్ చకచకా తెరుచుకుంటాయి, ఒప్పుకుంటా. కానీ దానికి మందు కొన్ని వేలల్లో దొరికే స్ట్రీమింగ్ స్టిక్, యాభై వేల పెట్టె కాదు. ఓటీటీ కంపెనీ ఏదైనా ముందు ఆండ్రాయిడ్ టీవీకే ఆప్ రాస్తుంది. ప్లేస్టేషన్‌కి వేరేగా రాయాలి, వేరేగా సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. మన ప్రాంతీయ ఓటీటీలకి ఆ తీరిక ఉంటుందని నేను అనుకోను. కొనేముందు మీ ఇంట్లో రోజూ చూసే ఆప్ స్టోర్‌లో ఉందో లేదో వెతికి చూసుకోండి. కరెంటు సంగతీ ఉంది. స్ట్రీమింగ్ చేస్తే పీఎస్5 సుమారు 60 వాట్లు లాగుతుంది, స్టిక్ 5 వాట్లలోపే. రోజుకి నాలుగు గంటలు వేసుకుంటే నెలకి ఏడు యూనిట్లు. బిల్లులో పెద్ద మొత్తం కాదులెండి, కానీ సీరియల్ చూడటానికి సీలింగ్ ఫ్యాన్ అంత కరెంటు ఎందుకు?

అన్నిటికన్నా పెద్ద సమస్య కంట్రోలర్. సోఫా మీద పెట్టిన డ్యూయల్‌సెన్స్ వెనక బటన్ నొక్కుకుపోయి సినిమా పది నిమిషాలు ముందుకి పరుగెత్తితే మా అమ్మ 'ఇది నాకొద్దు' అని రిమోట్ తీసుకుని టీవీ ఆప్‌లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ దాని జోలికి రాలేదు.

ఇక సినిమాలు స్టోర్‌లో కొనుక్కుని దాచుకుందాం అనుకునేవాళ్ళు కిందటి కథలు కొన్ని తెలుసుకోవాలి. ప్లేస్టేషన్ స్టోర్ 2021 ఆగస్టు 31తో సినిమాలు అమ్మడం, అద్దెకివ్వడం ఆపేసింది. కొన్నవి మీ దగ్గరే ఉంటాయన్నారు. సరిగ్గా ఏడాదికి, జర్మనీ, ఆస్ట్రియాల్లో స్టూడియోకెనాల్ సినిమాలు కొన్నవాళ్ళ లైబ్రరీల్లోంచి అవి మాయమయ్యాయి. లైసెన్స్ అయిపోయిందట. 2023 డిసెంబర్‌లో డిస్కవరీ షోలకి కూడా ఇదే నోటీసు ఇచ్చి, గొడవయ్యాక, మళ్ళీ ఒప్పందం కుదిరిందని వెనక్కి తగ్గారు. డబ్బులు కట్టింది మనం, ఒప్పందం మాత్రం ఇంకెవరి మధ్యో.

అందుకే నా ఓటు డిస్క్‌కి. బీరువాలో ఉన్న డిస్క్‌ని ఏ నోటీసూ ఖాళీ చేయించదు. 4కె బ్లూ-రేలో డేటా సెకనుకి 128 మెగాబిట్ల దాకా వెళ్ళగలదు. నెట్‌ఫ్లిక్స్ 4కె కోసం అడిగే నెట్ స్పీడ్ 15 మెగాబిట్లు. చీకటి సీన్లలో, పొగ, వాన ఉన్న షాట్లలో ఆ తేడా మామూలు కంటికి కూడా తెలుస్తుంది. అయితే మన దగ్గర బ్లూ-రేలు దొరకడం కష్టం, తెలుగు సినిమాలవి మరీ కష్టం. కాబట్టి సినిమా కలెక్షన్ కోసం అని నేను చెప్పను. పదివేలు తిరిగి వచ్చేది గేమ్ డిస్క్‌లలో. పాత డిస్క్ కొనొచ్చు, ఆడేసి అమ్మేయొచ్చు, ఫ్రెండ్‌కి ఇవ్వొచ్చు. ఏడాదికి మూడు నాలుగు పెద్ద గేమ్స్ ఆడేవాళ్ళకి రెండేళ్ళలోపే ఆ డబ్బు వచ్చేస్తుందని నా అంచనా.

ఇంకో లాభం నేను లెక్కలో వేసుకోనిది. ఖమ్మంలో మా ఇంట్లో 2011 నాటి అక్క పెళ్ళి డీవీడీలు మూడున్నాయి. పాత ప్లేయర్ ఎప్పుడో పాడైంది, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి డ్రైవ్ లేదు. పీఎస్5లో పెడితే ఆడాయి. అప్పటికి ఉన్న తాతయ్య అప్పగింతల దగ్గర పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకోవడం 55 అంగుళాల టీవీలో మసకమసకగానే కనిపించింది, కానీ కనిపించింది. మా ఇంట్లో ఆ పెట్టె మీద గొణుగుడు ఆగింది ఆ రోజు నుంచే.

డిస్క్ డ్రైవ్ కూడా పూర్తిగా మన చేతిలో ఉందని కాదు. స్లిమ్‌లో అది ఊడదీసి తగిలించుకునే డ్రైవ్, మొదటిసారి తగిలించినప్పుడు ఇంటర్నెట్ ద్వారా కన్సోల్‌తో జత చేయాలి. 2024లో వచ్చిన పీఎస్5 ప్రోలో అసలు డ్రైవే లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. మొదటి ఎక్స్‌బాక్స్ కిట్ రోజులు మళ్ళీ వచ్చాయన్నమాట. వచ్చే తరం కన్సోల్‌లో డ్రైవ్ పెట్టెలోనే వస్తుందని నేనైతే పందెం కాయను.

ఇంట్లో ఒక్క డిస్క్ కూడా లేదు, సెకండ్ హ్యాండ్ గేమ్స్ కొనే అలవాటు లేదు అంటే డిజిటల్ తీసుకోండి, ఆ పదివేలలో ఒక స్టిక్ కొని టీవీకి తగిలించండి. డిస్క్ మోడల్ తీసుకుంటే ముందు బీరువా మీది సంచీ దించి చూడండి. డీవీడీలైతే సరే. 2003, 2004 నాటి పెళ్ళిళ్ళవి చాలావరకు వీసీడీలే ఉంటాయి, వాటిని పీఎస్5 చదవదు. డ్రైవ్ ఉన్న పాత కంప్యూటర్ దొరికితే అందులో పెట్టి 'ఎంపెగ్ ఏవీ' అనే ఫోల్డర్ తెరవండి, లోపల 'డాట్' ఎక్స్‌టెన్షన్‌తో ఫైళ్ళు ఉంటాయి. వాటిని కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో ఆడతాయి. గీతలు పడి కాపీ మధ్యలో ఆగిపోతే డిస్క్‌ని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి, ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించండి.