సింహళమునకు సెలవుల ప్రయాణము

విదేశయాత్ర యనగానే మన గృహములలో దూరదేశములే తలంపునకు వచ్చును. చెన్నపట్టణమునుండి విమానమున సుమారు గంటన్నరలో జేరదగిన సింహళద్వీపమును పెక్కుమంది మఱచుచున్నారు. అచటి కాలము మన కాలమే గనుక గడియారమును సవరించు పనియు లేదు. నాణెమునకు రూపాయి యనియే పేరు. విలువ మాత్రము మన రూపాయికంటె చాల తక్కువ. భోజనమునకు వేలలో లెక్క వచ్చినచో సోదరీమణులు బెదరవలదు.

ఎప్పుడు పోవలె నన్నది ముందుగా నాలోచింపవలెను. సంక్రాంతి సెలవులలో పడమటి, దక్షిణపు తీరములును కొండసీమయు బాగుగ నుండును. మే నెల కడపట పోవువారి కా వైపున వానలు తప్పవు. వారు తూర్పుతీరమున తిరుకోణమలకు బోయి కోణేశ్వరస్వామిని సేవించుకొనవచ్చును. ఏప్రిల్ నడుమ నచటివారి సంవత్సరాది; అంగళ్లు మూయుదురు, బండ్లు క్రిక్కిఱియును. ప్రతి పున్నమయు 'పోయ' యను సెలవుదినము; ఆ దినమున బౌద్ధాలయములందు జనసమ్మర్ద మధికము.

ఆహారవిషయము కొంత విపులముగా జెప్పవలసి యున్నది. శాకాహారులు 'మాంసము తినము' అని చెప్పి యూరకుండిన జాలదు. చూపునకు మన కొబ్బరిపచ్చడివలెనే యుండు 'పొల్ సంబోలు'లో 'ఉంబలకడ' యను ఎండుచేపపొడి తఱచుగా గలుపుదురు. కొన్ని కూరలలోను వేయుదురు. వడ్డించుటకు ముందే పేరుపెట్టి యడుగవలెను. తమిళుల శైవభోజనశాలలలో నీ చిక్కు లేదు. ఇడియాప్పము, ఆప్పము పిల్లలు నిష్టముగా తిందురు. మట్టిముంతలలో నమ్ము గేదెపెరుగుమీద 'కితుల్' పానకము పోసికొని తినుట మాకు మిక్కిలి నచ్చినది. మన మన్యములోని జీలుగుచెట్టే యది!

బియ్యము, పప్పు, విద్యుత్కుక్కరు మూటగట్టుకొని పోవు కుటుంబములను మే మెఱుగుదుము. ఆ మూట విప్పిన పిదప పని యెవరిదో చెప్పనక్కఱలేదు. తక్కినవారు సముద్రము జూచుచుండగా, ఇల్లా లిఱుకుగదిలో గరిటె పట్టుకొని నిలుచుట విహార మెట్లగును? ఒక సీసాలో నావకాయ చాలును. తక్కిన వంట ఇతరులు చేయుదురుగాక!

కాండీనగరమున దంతధాతుమందిరమునకు బోవువారు భుజములును మోకాళ్లును కప్పు వస్త్రములు ధరింపవలెను. చీర కట్టిన మనవారికి చిక్కులేదు గాని, యువతులు చేతులులేని రవికలు మానుట మేలు. బుద్ధవిగ్రహమునకు వీపు చూపి ఛాయాచిత్రము తీయించుకొనుట అచట గొప్ప యపచారము. పిల్లలకు ముందే చెప్పి యుంచుడు. అచటి సరస్సును 1807లో త్రవ్వించిన శ్రీ విక్రమరాజసింహుడు మధుర నాయకుల బంధువర్గమువాడు. 1815లో రాజ్యము గోలుపోయి, మన పొరుగున వేలూరులో బందీగా నుండి 1832లో మరణించెను.

2025 నవంబరు తుపానువలన కొండసీమ రైలుమార్గములు మిక్కిలి చెడినవి. బండ్లు నడచుచున్నవో లేదో విచారించిన పిదపనే బస కుదుర్చుకొనవలెను.

సీగిరి శిల నెక్కుటకు సుమారు 1,200 మెట్లు గలవు. మోకాళ్ల నొప్పులుగల అత్తగారిని 'ఇంతదూరము వచ్చితిమి గదా' యని బలవంతపెట్టుట మా కిష్టము లేదు. క్రింది యుద్యానములును కొలనులును చూడదగినవే; ఆమెకు తోడుగ నొకరుండుడు, అది యెల్లపుడును కోడలే కానక్కఱలేదు. ఎక్కువారు ప్రాతఃకాలముననే యెక్కవలెను. రాతినంటి కందిరీగల పట్టులున్నవి గనుక కేకలు వేయరాదు. దారిలో నున్న అద్దపుగోడమీద వేయియేండ్లకు బూర్వపు యాత్రికులు పద్యములు గీసిపోయిరి; వారిలో స్త్రీలును గలరు. మన సోదరీమణు లచట నొక నిమిషము నిలువవలెనని మా కోరిక. పద్యము వ్రాయుటకు మాత్రము గోడను వాడవలదు.

ఇక సంచి సంగతి. కుటుంబమున నందఱి పాస్పోర్టులును, ధనమంతయు నొక్క యజమానుని జేబులో నుండుట మనవారి వాడుక. రైలుస్టేషనులో గుంపు విడదీసిన యెడల చేత దమ్మిడీ లేని యిల్లాలు పరదేశమున నేమి చేయును? ప్రతి స్త్రీయు తన పాస్పోర్టును, రెండు దినములకు జాలు ధనమును, బస చిరునామాను తన సంచిలోనే యుంచుకొనవలెను. చిరునామాను బసవారిచేత సింహళలిపిలో వ్రాయించుకొనినచో, ఆటో నడుపువానికి చూపిన చాలును.