జాంబీకి మోక్షం

చచ్చినా చావనివాడు జాంబీ. అలాంటివాడికి కూడా పెద్ద చావే వచ్చిపడుతుంది ఒక్కోసారి. అదేంటంటే... ఒంటికి సగం రంగుతో, ఓ చెయ్యి ఊడిపోయి, పాత బూట్ల డబ్బాలో ఇరవై ముప్ఫై ఏళ్లు పడి ఉండటం!

బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ బొమ్మలకు రంగులేసే సరదా ఉన్నవాళ్ల ఇంట్లో వెతికితే అలాంటి డబ్బా ఒకటి దొరక్కపోదు. 'మినియేచర్లు' అనే ఈ బొమ్మలు చాలా చిన్నవి. నిలబడ్డ మనిషి బొమ్మ సుమారు 28 మిల్లీమీటర్లు... అంటే బొటనవేలు సగమంత. బల్లమీద ఆడే యుద్ధాలాటల కోసం పుట్టాయివి. 'టైమ్ మెషీన్' నవల రాసిన హెచ్.జి.వెల్స్ 1913లోనే 'లిటిల్ వార్స్' పేరుతో బొమ్మ సైనికులతో ఆడే ఆటకు నియమాలు రాసిపెట్టాడు. 1975లో లండన్‌లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1983లో 'వార్‌హ్యామర్' ఆటను తెచ్చాక ఈ సరదా ఊళ్లకు ఊళ్లనే పట్టుకుంది. ఇప్పుడా సంస్థ ఉండేది నాటింగ్‌హామ్‌లో. ఈ బొమ్మల లోకానికి అదో కొండపల్లి అనుకోవచ్చు.

కాకపోతే ఓ తేడా. కొండపల్లి బొమ్మ రంగులద్దుకుని ముస్తాబై మన చేతికొస్తుంది. ఇవి ముక్కలు ముక్కలుగా వస్తాయి. కత్తిరించి, అంటించి, రంగులేసుకోవాల్సింది కొన్నవాళ్లే. అసలు చిక్కంతా అక్కడే!

సిగ్గు గుట్ట

కొనడానికి అయిదు నిమిషాలు చాలు. రంగులేయడానికి ఒక్కో బొమ్మకు గంటలు పడుతుంది. దాంతో కొన్నవి పెరుగుతుంటాయి, పూర్తయినవి వేళ్లమీద లెక్కపెట్టేలా ఉంటాయి. అలా మిగిలిపోయిన బొమ్మల కుప్పకు ఆ సరదారాయుళ్లు తమాషాగా పెట్టుకున్న పేరు... 'సిగ్గు గుట్ట'. 2012లో అమెరికాకు చెందిన రీపర్ మినియేచర్స్ సంస్థ కొత్త బొమ్మల కోసం ఇంటర్నెట్‌లో ముందస్తు చందాలు అడిగితే పదిహేడు వేల మందికి పైగా కలిసి 34 లక్షల డాలర్లు కట్టారు. వంద డాలర్లకు రెండొందలకు పైగా బొమ్మలు! అన్నింటికీ రంగులేసి ముగించిన మహానుభావులు ఎందరో ఊహించుకోవచ్చు.

బద్ధకం ఒక్కటే కారణం కాదు. భయం కూడా. 'ఇంత మంచి బొమ్మను పాడుచేస్తానేమో, చెయ్యి తిరిగాక వేద్దాం' అని పక్కన పెడతారు. పదహారేళ్లప్పుడు చూపు బాగుంటుంది, ఓపిక ఉండదు. నలభై అయిదుకి ఓపిక వస్తుంది, దాంతోపాటు చత్వారమూ వస్తుంది. ఈ మధ్యలో చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. జాంబీ మాత్రం డబ్బాలోనే.

తప్పుల్ని మింగేవాడు

మళ్లీ కుంచె పట్టాలనుకునేవాళ్లకు జాంబీని మించిన బొమ్మ లేదంటే అతిశయోక్తి కాదు. జాంబీ కథలకు మూలం హైతీ దేశపు నమ్మకాల్లో ఉంది. తన ఇష్టమంటూ లేకుండా ఎవరో ఆడించినట్టు కదిలే శవం వాడు. 1968లో జార్జ్ రొమెరో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' ఆ శవాలను గుంపులుగా మనుషుల మీదికి వదిలింది. తమాషా ఏమిటంటే ఆ సినిమాలో వాటినెవరూ జాంబీలని పిలవరు. 2021లో 'జాంబీ రెడ్డి' వచ్చాక ఆ మాట మన ఇళ్లలో పిల్లలకు కూడా కొత్త కాదు.

రాకుమారి బొమ్మకు చెంపమీద రంగు కాస్త చెదిరినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జాంబీకి చెదిరితే కుళ్లిన చర్మం అనుకుంటారు. కారితే చీము అనుకుంటారు. చొక్కామీద మరక పడితే మరీ మంచిది!

పని ఓ వరసలో సాగుతుంది. ముందు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఊడిన చెయ్యి అంటించాలి. రంగు పట్టుకోవడానికి పలచగా ప్రైమర్ కొట్టాలి. ఒంటికి పాలిపోయిన ఆకుపచ్చ, గుడ్డలకు మాసిన గోధుమ రంగు... నీళ్లు కలిపి పలచగా రెండుసార్లు. ఆ తర్వాత ముదురు రంగు నీళ్లు పూస్తే అది పల్లాల్లోకి జారి ముడతలు, పక్కటెముకలు తేలతాయి. అది ఆరాక, కుంచెకు లేత రంగు అద్ది, కాగితంమీద దాదాపు ఆరిపోయేదాకా తుడిచి, ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రం ఆనీ ఆననట్టు రుద్దాలి. అంతే, అప్పటిదాకా ప్లాస్టిక్ ముక్కలా ఉన్నది కాస్తా పళ్లికిలిస్తుంది! గాయాలమీద చివర్లో మెరిసే వార్నిష్ ఓ చుక్క వేస్తే నెత్తురు ఇంకా తడిగా ఉన్నట్టే ఉంటుంది.

ఓ జాగ్రత్త. పాతకాలపు లోహపు బొమ్మల్లో చాలావాటిలో సీసం ఉండేది. వాటిని గీకినా, ముట్టుకున్నా చేతులు కడుక్కోవాలి. పసిపిల్లలకు అందనివ్వకూడదు. కుంచె మొన తీరడానికి పెదాలతో తడిపే అలవాటు చాలామందికి ఉంటుంది. అదీ మానుకోవాలి.

పాత రంగు తీసేయాలా?

డబ్బాలోంచి బొమ్మ బయటపడ్డాక అసలు ప్రశ్న ఇది. పదహారేళ్ల కుర్రాడు వేసిన రంగు ఇంకా దానిమీద ఉంటుంది. ముద్దలు ముద్దలుగా, గీత దాటి, కళ్లు రెండూ రెండు దిక్కులు చూస్తూ. దాన్ని కరిగించి తీసేసి కొత్తగా మొదలుపెట్టొచ్చు. అలా చేస్తే బొమ్మ అందంగా వస్తుంది. కానీ ఆ కుర్రాడి చేతి ఆనవాలు మళ్లీ దొరకదు. పక్కన కూర్చుని అదే కుంచె పంచుకున్న స్నేహితుడో, ఆ బొమ్మ కొనిపెట్టిన నాన్నో ఇప్పుడు లేకపోతే... ఆ ముద్ద రంగు వట్టి రంగు కాదు.

అందుకే కొందరు మధ్యేమార్గం వెతుక్కుంటారు. కాళ్ల దగ్గరి పాత రంగును అలాగే ఉంచేస్తారు. మిగతా ఒళ్లంతా ఇప్పుడొచ్చిన నేర్పుతో ముగిస్తారు. దగ్గర్నుంచి చూస్తే రెండు చేతుల పనితనం తెలిసిపోతుంది. 1987 నుంచీ గేమ్స్ వర్క్‌షాప్ నడుపుతున్న 'గోల్డెన్ డెమన్' రంగుల పోటీలకు పెడితే ఇలాంటి బొమ్మకు బహుమతి రాదు. రాకపోతే మాత్రమేం? అది పోటీకోసం ముగించింది కాదు.

ముగించడంలో ఉన్న తృప్తి కొనడంలో ఉండదని ఆ ఒక్క జాంబీ చాలామందికి నేర్పుతాడు. గుట్టలో మిగిలిన వందా అలాగే ఉన్నా, ఒకటి తగ్గిందన్న ధీమాతో రెండోది బయటికొస్తుంది. అలా పూర్తయిన బొమ్మను తిరగేసి చూస్తే కొన్నింటి పీట కింద సన్నటి అక్షరాల్లో రెండు సంవత్సరాలు రాసి ఉంటాయి. ఒకటి మొదలుపెట్టిన ఏడు, రెండోది ముగించిన ఏడు. ఆ రెంటి మధ్యా ఉన్న చిన్న అడ్డగీతలో ఓ మనిషి సగం జీవితం ఇమిడిపోతుంది.